చావు డప్పు కొట్టినోడి చావు

తెలుగు సాహిత్యంలో తాగుబోతుకి కులం ఉంది. పెద్దింటోడు తాగితే దానికి విరహం అని పేరు, మేధావి వేదన అని పేరు. 1953లో సినిమాగా వచ్చిన దేవదాసు తాగి తాగి చస్తుంటే మూడు తరాల జనం కళ్ళు తుడుచుకున్నారు. ఆయన జమీందారు కొడుకు. అదే మా పల్లెలోని ముసలోడు తాగి రోడ్డు పక్కన పడితే దానికి ఏ వేదనా అడ్డం రాదు. "ఆ జాతే అంత" అని ఒక్క మాటతో తేలుస్తారు. కథల్లో అయితే నవ్వించడానికి వాడతారు. వాడు ఎందుకు తాగుతున్నాడు, వయసు మీద పడ్డాక వాడి ఒళ్ళు ఏమవుతోంది, చావంటే వాడేమనుకుంటున్నాడు అని అడిగిన కథ కోసం నేను చాలా ఏళ్ళు వెతికాను.

మనందరికీ తెలిసిన చోటి నుంచే మొదలుపెడదాం. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్యహరిశ్చంద్రీయం ఆడని ఊరు మా వైపు అరుదు. అందులో కాటి సీను ప్రాణం. ఆ సీన్లో జాషువా శ్మశాన పద్యాలు పాడటం ఆనవాయితీ అయింది. పద్యానికో వన్స్‌మోర్, పద్యానికో నోటు. రాజు కాటికాపరి అయ్యాడే అని ఊరంతా ఏడ్చుద్ది. బాగానే ఉంది. మరి ఆ కాటికి యజమాని వీరబాహుడు ఉన్నాడు. వాడికి ఆ పని శాపం వల్ల రాలేదు, పరీక్ష కోసం రాలేదు, పుట్టుకతో వచ్చింది. నేను చూసిన ఆటల్లో వాడెప్పుడూ తూలుతూనే వచ్చేవాడు, ముంత పట్టుకుని. జనం పగలబడి నవ్వేవాళ్ళు. వాడి కోసం ఏడ్చినోణ్ణి నేను ఒక్కణ్ణి చూడలేదు. నాటకం చూడ్డానికి మా పల్లె జనం కూడా దూరంగా గోనెపట్టాలు పరుచుకుని కూచునేవాళ్ళు. అందులో నిజం కాటికాపర్లు ఉండేవాళ్ళు. వాళ్ళ వేషం వాళ్ళ ముందే వేసి నవ్విస్తున్నారు.

శ్మశానంలో హెచ్చుతగ్గులు చెరిగిపోతాయన్న ఊహని జాషువా పద్యం చేశాడు. అంటరానితనం అనుభవించిన కవి కాబట్టి అది ఆయన కోరిక అని అర్థం చేసుకోవాలి గానీ, ఊరి సంగతి చెప్పాడని అనుకోకూడదు. మా ఊళ్ళో శ్మశానాలు రెండు. ఊరోళ్ళది వేరు, పల్లోళ్ళది వేరు. ఊరోళ్ళ శ్మశానంలో మేం పని చేస్తాం, మాలో ఎవరూ అక్కడ పడుకోరు.

వీరబాహుడికి ఎదురుగా ఇంకో ముసలాయన ఉన్నాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాసిన మాలపల్లిలో రామదాసు. తత్వాలు తెలిసినోడు, శాంతమూర్తి, కన్నకొడుకుల చావుల్ని కూడా దిగమింగుకునే వేదాంతి. ఆ నవల గొప్పతనాన్ని నేను తీసెయ్యను. కాకపోతే ఒక మాట అడగాలి. మాలోని ముసలోడు గౌరవంగా కనపడాలంటే వేదాంతం చెప్పి తీరాలా? తాగుడు ముట్టకుండా, కోపం రాకుండా, చావుకి జంకకుండా ఉంటేనే పేజీల్లోకి రానిస్తారా? ఒకవైపు తూలే వీరబాహుడు, ఇంకోవైపు చలించని రామదాసు. ఈ ఇద్దరి మధ్యనే మా నాయన బతికాడు. ఆయనకి పుస్తకాల్లో చోటు లేదు.

మా నాయనకి ఊరు పెట్టిన పనులు మూడు. చావు కబురు మొయ్యడం, డప్పు కొట్టడం, కాటి పని చెయ్యడం. రాత్రికి రాత్రి పది మైళ్ళు నడిచి చుట్టాలకు కబురు చెప్పాలి. పాడె ముందు ఎండలో డప్పు కాచుకుంటా కొట్టాలి. శవం పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడాలి. ఈ పనికి గింజలు కొలిచేవాళ్ళు, చిల్లర ఇచ్చేవాళ్ళు, పని మొదలెట్టక ముందే సారా పోసేవాళ్ళు. ఆ సారా కూలీలో భాగం. నాయన మొదటి గుక్క తాగింది పన్నెండు పదమూడేళ్ళప్పుడు, వాళ్ళ నాయన వెనక కాటికి పోయినప్పుడు. "పిల్లోడు దడుచుకుంటాడు, కొంచెం పట్టించండ్రా" అని పోయించింది చావింటి ఆసామి. తర్వాత అదే ఆసామి కొడుకులు "వీడు తాగకపోతే పని చెయ్యడు" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. తాగకుండా ఆ పని ఎవరూ చెయ్యలేరు. పని వాళ్ళది, తాగుడు పేరు మాత్రం మాది.

1985 జూలై 17న కారంచేడు జరిగాక మా పల్లెల్లో చావు డప్పు కొట్టమని ఎదురుతిరిగినోళ్ళు పుట్టుకొచ్చారు. 1994 జూలై 7న ఈదుముడిలో దండోరా పుట్టాక అదే డప్పు తలెత్తుకుని వీధిలోకొచ్చింది. నాయన ఊరోళ్ళ చావులకు కొట్టడం మానేశాడు. ఇది మన ఉద్యమం సాధించిన గెలుపు, కాదనేదేం లేదు. కానీ పని మానినంత తేలిగ్గా సారా మానలేదు. వెట్టి ఒక్క రోజులో తెగుద్ది. నలభై ఏళ్ళు నెత్తురులో కలిసింది తెగదు. మన ఉద్యమ సాహిత్యం సరిగ్గా ఇక్కడే కథ ఆపేసింది. డప్పు విసిరికొట్టినోడి బొమ్మ కవర్ పేజీ మీద వేసుకున్నాం. ఆ సాయంత్రం వాడు ఎక్కడికి పోయాడో రాయలేదు.

ప్రభుత్వం సంగతి కూడా చెప్పుకోవాలి. 1980ల్లో వారుణి వాహిని అని పేరు పెట్టి సర్కారే సారాని ప్యాకెట్లలో పోసి పల్లెలకి పంపింది. మంచినీళ్ళ కుళాయి రాని చోటికి సారా ప్యాకెట్ వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడాళ్ళు ఆ ప్యాకెట్లకి అడ్డం నిలబడ్డారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా పోయింది, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది కూడా ఎత్తేశారు. తర్వాత బెల్టు షాపు మా పల్లె మొగదలకే వచ్చింది. ఈ లెక్కలన్నీ మన వ్యాసాల్లో ఉన్నాయి. సారా వెనక ఖజానా ఉందని మనం బాగానే రాశాం. అయితే ఖజానా గురించి రాసినోళ్ళు ముంత పట్టుకున్న చెయ్యి ఎందుకు వణుకుతుందో రాయలేదు. కుట్ర అని ఒక్క మాట అనేస్తే మనిషి మాయమైపోతాడు. వాడు కూడా ఒక రుజువు కాగితం అవుతాడు.

నాయనకి అరవై దాటాక కాళ్ళు ఉబ్బాయి, తర్వాత కడుపులో నీరు చేరింది, కళ్ళు పచ్చబడ్డాయి. లివర్ గట్టిపడిందన్నాడు డాక్టరు. ఉన్నట్టుండి మానేస్తే కూడా ప్రమాదమేనని ఆస్పత్రిలో ఉంచుకుని మాన్పించారు. తాగుడు ముదిరినోళ్ళు ఒక్కసారిగా ఆపితే ఒళ్ళంతా వణుకుద్ది, నిద్రుండదు, లేనివి కనిపిస్తాయి. నాయనకి కనిపించింది ఎవరో తెలుసా? తను కాటికి చేర్చినోళ్ళు. "అందరూ మంచం చుట్టూ కూచున్నార్రా, ఒక్కడూ కూలి డబ్బులియ్యడు" అన్నాడు. పక్క మంచాలోళ్ళు నవ్వారు. మా అమ్మ నవ్వలేదు. "ఇప్పుడన్నా అడుగు, ఇచ్చినంత తీసుకో" అంది.

ఆ తర్వాత ఏడు నెలలు బతికాడు, చుక్క ముట్టకుండా. 2009లో పోయాడు. ఆ ఏడు నెలల్లో ఆయన మాట్లాడినంత నా జన్మలో ఎప్పుడూ మాట్లాడలేదు. చావంటే భయం లేదని చెప్పలేదు. "ఎన్నింటికి కొట్టానో లెక్క లేదు. అయినా నాదంటే దిగులుగానే ఉందిరా అబ్బయా" అన్నాడు. నేను ఆయన్ని దండోరా దెబ్బతో గౌరవంగా సాగనంపాలని అనుకున్నా, ఆ సంగతే అడిగా. ఆయన ఒప్పుకోలేదు. "నాకు మటుకు కొట్టొద్దు. ఆ దెబ్బ చెవినపడితే నాకు తాగాలనిపిచ్చుద్ది. పోయేటప్పుడన్నా ప్రశాంతంగా పోనీ" అన్నాడు.

ఈ ఒక్క మాటని మన విమర్శ ఎట్టా చదువుద్ది? మనకి డప్పు ఆత్మగౌరవ చిహ్నం. ఆయనకి యాభై ఏళ్ళుగా సారాతో కలిసి మోగిన శబ్దం. రెండూ నిజమే. చిహ్నం కోసం మనిషి నోరు మూయించే హక్కు ఉద్యమానికి కూడా లేదు. ఆయన్ని డప్పు లేకుండానే తీసుకపోయాం. పల్లెలో కొందరు తప్పుబట్టారు కూడా.

ఇక మన కవుల సంగతి. మద్దూరి నగేష్‌బాబు, నాగప్పగారి సుందర్రాజు ఇద్దరూ చిన్న వయసులోనే పోయారు. కలేకూరి ప్రసాద్ 2013 మే 17న ఒంగోలులో పోయాడు, యాభై నిండకుండా. కారణాలు ఎవరివి వాళ్ళవి, అన్నిటినీ ఒక్క గాటన కట్టకూడదు. కానీ దళిత కవికి ముసలితనం అందడం లేదన్న సంగతి మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. కలేకూరి తాగుడు దాచిన సంగతి కాదు. పిడికెడు ఆత్మగౌరవం అడిగిన మనిషి ఆయన. ఆయన పోయాక వచ్చిన సంస్మరణల్లో కొన్ని ఆ తాగుడికి దండేశాయి. గ్లాసుని కూడా తిరుగుబాటు అన్నాయి. వాటిలో రెండు మూడు మా అమ్మకి చదివి వినిపించాను. ఆమె అంతా విని ఇట్టా అంది: "రాసినందుకు ఏడుస్తున్నారా, తాగినందుకా? రాసినందుకైతే తాగింది ఎందుకు పొగుడుతున్నారు? మీ నాయన తాగితే ఎవురూ పాట కట్టలేదే."

ఇంతకన్నా సూటి విమర్శ నేను పత్రికల్లో చదవలేదు. దేవదాసుకి పెద్దకులాలు ఇచ్చిన రాయితీనే మనం మన కవులకి ఇచ్చుకుంటున్నాం. మన నాయనలకి మాత్రం ఇవ్వట్లేదు. రాయితీ ఇద్దరికీ వద్దు. ఇద్దరి గురించీ నిజం రాద్దాం. తాగినోడి వెనక గిన్నెలు కడిగిన, అప్పులు తీర్చిన, దెబ్బలు తిన్న ఆడమనిషి లేకుండా ఆ నిజం పూర్తి కాదు. ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుచ్చంత తల్లి నయం అన్న సామెత ఊరికే పుట్టలేదు.

అంబేద్కర్ చనిపోయాక 1957లో వచ్చిన బుద్ధుడు-ధమ్మం గ్రంథం ముందుమాటలో ఒక ప్రశ్న ఉంది. సిద్ధార్థుడు ముసలోణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు విడిచాడంటారు గదా, ఇరవై తొమ్మిదేళ్ళదాకా వాటిని చూడకుండా ఎట్టా ఉంటాడు అని. అందుకే ఆయన ఆ కథ పక్కనబెట్టి రోహిణీ నది నీళ్ళ తగాదాని ముందుకు తెచ్చాడు. మన పల్లెలో పుట్టినోడికి ఆ ప్రశ్న వెంటనే అర్థమవుద్ది. ముసలితనాన్నీ రోగాన్నీ చావునీ చూడ్డానికి మనకి రథం అక్కర్లేదు, మన గడపలోనే ఉంటాయి. ఎవరు ఎప్పుడు ముసలోడవుతాడో, ఏ రోగంతో పోతాడో నీళ్ళ తగాదాలే తేలుస్తాయి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది కూడా ఒకటి. దాన్ని నీతిబోధగా చదివితే సగమే అందుద్ది. మన ఒళ్ళు మన చేతికి తిరిగి రావాలన్నది అందులోని సంగతి. నాయన దాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఏడు నెలలు ఆ ప్రకారం బతికాడు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. సెలవులకి పల్లెకి పోయినప్పుడు అరవై దాటినోళ్ళ మంచం పక్కన కూచోండి. ఏ పని చేశారో అడగండి. మొదటి గుక్క ఎవరు పోశారో, ఏ పని కోసం పోశారో అడిగి రాసుకోండి. ఆ ఇంటి ఆడమనిషిని వేరుగా అడగండి, ఆమె లెక్క వేరే ఉంటది. మన సాహిత్యం మన ముసలోళ్ళని పాత సంగతులు అడిగింది, గాయాలు చూపించమంది. చావంటే దిగులుగా ఉందా తాతా అని ఎవరూ అడగలేదు. అది కూడా అడగండి.