సంస్థలో స్వయంసేవా డేటాబేస్: విమర్శనాత్మక పరిశీలన

క్లౌడ్ సేవల లక్షణాలను మీరు గత విభాగంలో చదివారు. ఒక సంస్థ తన సొంత బృందాలకే డేటాబేస్‌ను సేవగా అందించే పద్ధతిని ఇప్పుడు ఆ లక్షణాల ఆధారంగా బేరీజు వేద్దాం.

పాత పద్ధతిలో డేటాబేస్ కావలసిన బృందం దరఖాస్తు పెట్టుకోవాలి. సర్వర్, నిల్వ స్థలం, నెట్‌వర్క్ అనుమతి ఒక్కొక్కటి ఒక్కో విభాగం నుంచి రావాలి. ఇందుకు వారాలు పట్టవచ్చు. స్వయంసేవా పద్ధతిలో పోర్టల్ తెరిచి రకం, పరిమాణం ఎంచుకుంటే కొద్ది నిమిషాల్లో డేటాబేస్ సిద్ధమవుతుంది. 2009లో అమెజాన్ ఆర్‌డీఎస్ ఇలాంటి సేవను ఇంటర్నెట్ ద్వారా అందించడం మొదలుపెట్టింది. ఓపెన్‌స్టాక్ 2014 ఏప్రిల్ విడుదలలో చేరిన ‘ట్రోవ్’తో ఇలాంటి సేవనే సంస్థలు తమ డేటా కేంద్రంలో ఏర్పాటు చేసుకోవచ్చు.

ఈ పద్ధతి మేలును తక్కువ చేయలేం. నిరీక్షణ తగ్గుతుంది. డేటాబేస్‌లన్నీ ఒకే నమూనాలో తయారవుతాయి కనుక చేతి పొరపాట్లూ తగ్గుతాయి.

అయితే దీన్ని సమర్థించేవారు తరచుగా చూపే కొలమానం ఒక్కటే: డేటాబేస్ ఎంత త్వరగా తయారైంది? ఇది అసంపూర్ణమైన కొలమానం. తయారీ మొదటి రోజు పని మాత్రమే. ఉదాహరణకు, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రతి ప్రధాన వెర్షన్‌కు 5 సంవత్సరాలే మద్దతు ఉంటుంది. నిమిషాల్లో తయారైన డేటాబేస్‌నైనా ఆ గడువులోగా కొత్త వెర్షన్‌కు మార్చాలి. ఆ పని బటన్ నొక్కిన బృందానిదా, పోర్టల్ నడిపే విభాగానిదా? ముందే తేల్చుకోకపోతే ఎవరికివారు అది ఎదుటివారి పని అనుకుంటారు.

బ్యాకప్ విషయంలో ఈ అస్పష్టత మరింత ప్రమాదకరం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సేవలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ ఫైళ్లను తొలగించారు. బ్యాకప్ ఏర్పాటు ఉంది. కానీ డేటాబేస్ వెర్షన్ 9.6 కాగా, బ్యాకప్ సాధనం వెర్షన్ 9.2. అందువల్ల బ్యాకప్ విఫలమవుతూ వచ్చింది. ఆ హెచ్చరిక ఈమెయిళ్లు కూడా సిబ్బందికి చేరలేదు. చివరికి సుమారు 6 గంటల ముందు తీసిన నకలుతో సేవను పునరుద్ధరించారు. ఆ తరువాత చేరిన సమాచారంలో కొంత పోయింది. ఇది స్వయంసేవా పోర్టల్‌లో జరిగిన ఘటన కాదు. అయినా పాఠం ఇక్కడా వర్తిస్తుంది. అనుభవమున్న ఇంజనీర్లకే ఇలా జరిగితే, ‘బ్యాకప్’ అనే గడిలో టిక్కు పెట్టి నిశ్చింతగా ఉండే బృందం మాటేమిటి?

మరో లోపం లెక్కకు సంబంధించినది. 2011 నాటి నిస్ట్ నిర్వచనం క్లౌడ్‌కు ఐదు ముఖ్య లక్షణాలు చెప్పింది. వాటిలో స్వయంసేవతోపాటు వాడకాన్ని కొలవడం కూడా ఒకటి. సంస్థలు మొదటిదాన్ని ఉత్సాహంగా అమలుచేసి, రెండోదాన్ని వదిలేస్తే వాడుకున్న బృందానికి ఖర్చు కనిపించదు. ప్రయోగం కోసం తీసుకున్న డేటాబేస్ ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. అందులో ఖాతాదారుల వివరాలుంటే అది ఖర్చు సమస్యగానే కాక భద్రతా సమస్యగానూ మారుతుంది.

కాబట్టి స్వయంసేవ నిరీక్షణను తొలగిస్తుందే కాని బాధ్యతను తొలగించదు. ప్రతి డేటాబేస్‌కు యజమాని పేరు, ముగింపు తేదీ, నిర్ణీత కాలానికోసారి పునరుద్ధరణ పరీక్ష తప్పనిసరి చేసినప్పుడే ఈ పద్ధతి సఫలమైనట్లు భావించాలి.

స్వయం పరీక్ష: మీకు తెలిసిన ఒక కార్యాలయాన్ని తీసుకోండి. అక్కడి డేటాబేస్ ఈ రాత్రి చెడిపోతే, రేపు ఉదయం దాన్ని పునరుద్ధరించవలసింది ఎవరు? ఐదు వాక్యాల్లో రాయండి.