దర్సె నిజామీ: ప్రయోజన విచారము

ముసల్మానుల సంప్రదాయ శాస్త్రవిద్య యీ కాలమున నిష్ప్రయోజనమని కొందఱును, అందొక గ్రంథమైనను మార్పరాదని కొందఱును వాదించుచున్నారు. ఈ రెండు వాదములును ఆ విద్యాస్వరూపమును విచారింపకయే పుట్టినవి. భారతదేశమున నా విద్యకు రాజమార్గమైనది దర్సె నిజామీ యను పాఠక్రమము. దానిని కూర్చినవాని యుద్దేశము తెలిసినచో నీ వివాదము చాలవఱకు తీఱును.

లక్నో నగరమున నొకప్పు డైరోపా వర్తకుడు వసించిన భవనము ఫరంగీ మహల్ అని ప్రసిద్ధము. ముల్లా కుతుబుద్దీను హత్యకు గురియైన పిమ్మట నౌరంగజేబు పాదుషా యా గృహమును ఆయన కుమారుల కొసగెను. వారిలో నొకడైన ముల్లా నిజాముద్దీను (మరణము 1748) పేరనే యీ క్రమము వెలసినది. ఆయన నూతన శాస్త్రమును కల్పింపలేదు. ఉన్న గ్రంథములనుండి యేఱి కూర్చెను. ఒక్కొక్క శాస్త్రమునకు రెండు మూడు గ్రంథములే. అవియు సంక్షిప్తములు, కఠినములు. కఠినగ్రంథమును గురుముఖమున విడదీసి చదివినవాడు తక్కినవానిని స్వశక్తిచే చదువుకొనగలడని యాయన తలంపు. కాబట్టి యీ క్రమమునకు లక్ష్యము విషయసంగ్రహము కాదు, గ్రంథావగాహనశక్తి.

ఇందులకు వ్యాకరణమే నిదర్శనము. ఈ క్రమమున ముఖ్యమైనవి ఇబ్న్ హాజిబ్ (మరణము 1249) రచించిన కాఫియాయు, దానికి జామీ కవి (మరణము 1492) తన కుమారుడగు జియాఉద్దీను కొఱకు వ్రాసిన వ్యాఖ్యయు. యాస్కుడు పదములను నాలుగు తెగలుగను, పాణిని సుబంత తిఙంతములని రెండుగను విభజింపగా, కాఫియా ఇస్ము, ఫిఅలు, హర్ఫు అని మూడుగా విభజించును. మూలము సూత్రప్రాయము. పదలక్షణమున నుచ్చారణ మనుటచే హస్తసంజ్ఞలును, అర్థమునకై నియమింపబడిన దనుటచే నర్థములేని ధ్వనులును, అర్థ మేకమై యుండవలె ననుటచే వాక్యములును తొలగును. ఇట్లు ప్రతిపదమునకు ప్రయోజన మడిగి, శంక కల్పించి, సమాధానము చెప్పుటయే వ్యాఖ్యాత పని. కౌముదిని పదకృత్యముతో చదివినవాని కీ మార్గము క్రొత్త కాదు.

దోషములును లేకపోలేదు. ముహిబ్బుల్లా బిహారీ (మరణము 1707) రచించిన సుల్లము వంటి తర్కగ్రంథములపై వ్యాఖ్యలును, వ్యాఖ్యలపై టిప్పణులును పెరిగి, మూలశాస్త్రమునే మఱుగుపఱచెను. హదీసునకు తగినంత చోటు దక్కలేదు. ఏండ్లకొలది వ్యాకరణము చదివియు అరబ్బీ భాషలో నొక లేఖ స్వతంత్రముగా వ్రాయజాలనివారుందు రను నాక్షేపము మిక్కిలి బలమైనది. సంస్కృత పాఠశాలలును దీనికి బదులు చెప్పవలసియే యున్నవి. అయినను సంప్రదాయము తన్ను తాను దిద్దుకొనినది. 1866లో స్థాపితమైన దేవబందు విద్యాలయము హదీసునకు ప్రాధాన్యమిచ్చెను. తరువాతి దశకములలో షిబ్లీ నుమానీ మొదలగువారు నద్వతుల్ ఉలమా మూలమున అరబ్బీ సాహిత్యమునకును చరిత్రకును స్థానము కల్పింప యత్నించిరి. ఏఱి కూర్చుటయే కర్త చేసిన పనియైనపు డా కూర్పు మార్పరానిదనుట యాయన మార్గమునకే విరుద్ధము.

ఇక నేటి ప్రయోజనము. అరబ్బీ వ్రాతలో హ్రస్వస్వరములు సాధారణముగా వ్రాయబడవు. కర్తృకర్మాదులను తెలుపు తుదిస్వరమును చదువరియే వ్యాకరణబలమున నిర్ణయించుకొనవలెను. బ, త మొదలగు కొన్ని యక్షరములకు భేదము చుక్కలవలననే కలుగును. లేఖకుడు చుక్క తప్పినచో పదమే మాఱును. ప్రాతప్రతి నెదుట నిడుకొనిన పరిశోధకునకు నిఘంటువొక్కటియే చాలదు. వ్యాకరణమును తర్కమును నాలుకపై నుండవలెను.

హైదరాబాదునందు 1888లో నెలకొనిన దాయిరతుల్ మఆరిఫ్ అరబ్బీ ప్రాతప్రతులను పరిష్కరించి ముద్రించుటచే ఖ్యాతిగాంచినది. సుమారు 1030లో అల్‌బిరూనీ భారతదేశమును గుఱించి రచించిన గ్రంథమును 1958లో నది ప్రకటించెను. వరాహమిహిర బ్రహ్మగుప్తుల మతములును, అనేక సంస్కృతనామములును అరబ్బీ లిపిలో నిక్షిప్తములై యున్న యా గ్రంథము సంస్కృతజ్ఞులకును ధనమే. అట్టి గ్రంథములను శోధింపవలసినపుడు సంస్కృతజ్ఞునకు సంప్రదాయముగా చదివిన మౌల్వీ తోడు కావలెను, మౌల్వీకి సంస్కృతజ్ఞుని తోడు కావలెను.

కావున గణిత భూగోళాదులను చేర్చుటయు, టిప్పణుల భారమును తగ్గించుటయు యుక్తమే. గురుముఖమున నొక్క గ్రంథమునైనను ఆద్యంతము శోధించి చదువు పద్ధతిని మాత్రము విడువరాదు. అది పోయినచో గ్రంథాలయములందలి ప్రతులు చెదలు తినకున్నను, వానిని చదువువాడు లేక నశించినట్లే యగును.