నీడతో లేచిన మొన

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రపు చిన్న ఊరు ఫింక్స్‌బర్గ్. అక్కడ విన్నీ మయర్స్ అనే పచ్చబొట్ల కళాకారుడున్నాడు. క్యాన్సర్ వచ్చి రొమ్ము తీయించుకుని, మళ్ళీ కట్టించుకున్న ఆడవాళ్ళు వేలమంది ఆయన దగ్గరికి వెళ్ళారు. వాళ్ళకోసం ఆయన పొడిచేది చనుమొన. ఆ పనిని ఫొటోలో మొదటిసారి చూసినప్పుడు అది బొమ్మ అని నాకు తట్టనే లేదు. తట్టాక చూపు తిప్పుకోలేకపోయాను.

సర్జన్ చేసేదీ చిన్న పనేం కాదు. చర్మం కింద సంచిలాంటి ఎక్స్‌పాండర్ పెట్టి, వారాల తరబడి కొంచెం కొంచెంగా సెలైన్ నింపుతూ చోటు సాగదీస్తారు. తర్వాత దాన్ని తీసి ఇంప్లాంట్ అమరుస్తారు. 1962లో హ్యూస్టన్‌లో క్రోనిన్, జెరో అనే సర్జన్లు మొదటి సిలికాన్ ఇంప్లాంట్ పెట్టిన నాటినుంచి ఈ విద్య ఎంతో నునుపు తేలింది. గుండ్రన వస్తుంది, ఒంపూ వస్తుంది. కాని చాలామందికి మొన ఉండదు, అడ్డంగా ఓ కుట్టు గీత ఉంటుంది. ఇంకా కళ్ళు తెరిపించని విగ్రహంలా ఉంటుందా రొమ్ము.

ఇక సూది పని దగ్గరగా చూడండి. వలయపు అంచున గీత గీసిన జాడ ఉండదు. ముదురు గోధుమరంగు లేతబడుతూ పోయి ఒంటిరంగులో కరిగిపోతుంది. లోపల అక్కడక్కడా ఆవగింజలో సగమైనా లేని బుడిపెలు. నడుమ మొన. వెలుతురు పైనుంచి పడుతున్నట్టు దాని నెత్తిన చిన్న మెరుపు, కింద నెలవంకంత నీడ. ఆ నీడతో చదును చర్మం లేచి నిలబడుతుంది! వేలితో తడిమితే ఏమీ తగలదు. అజంతా చిత్రకారులు చదును గోడమీద చెక్కిళ్ళకు నిండుదనం తెచ్చిందీ నీడలతోనే. అయితే గోడ ఒక్కతీరుగా ఉంటుంది. మచ్చపడ్డ చర్మం సిరాను ఒక్కతీరుగా పట్టదు, రేడియేషన్ తగిలిన చర్మం మరీ మొండికేస్తుంది. రెండోది సొంత రొమ్మయితే దాని రంగుతో జత కుదరాలి కూడా.

దీన్ని శృంగారం అనుకుంటే పొరపాటు. మన కావ్యాల్లో రొమ్ములకు పోలికలుగా వచ్చే పూర్ణకుంభాలూ జక్కవలూ అన్నీ మగవాడి కంటికోసం పుట్టినవి. ఈ బొమ్మను చూసేది ముందుగా ఆమె, స్నానాల గది అద్దంలో. నాకు ఇక్కడ దొరికేది అద్భుతం, దాని అడుగున కరుణ. పోయిన స్పర్శ చాలామందికి పూర్తిగా తిరిగి రాదు. బొమ్మ ఆ లోటు తీర్చదు, తీరుస్తానని చెప్పదు కూడా. అసలు కట్టించుకోకుండా ఉండిపోయేవాళ్ళూ ఉన్నారు. 1993లో మట్యూష్కా అనే కళాకారిణి తన రొమ్ము కోత మచ్చను న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ ముఖచిత్రంగా నిలబెట్టింది. అదీ గొప్ప చిత్రమే.

నా కన్ను మాత్రం మళ్ళీ ఆ బుడిపెల దగ్గరికే పోతుంది. అవి లేకపోయినా దూరంనుంచి బొమ్మకు లోటు తెలియదు. అయినా ఒక్కొక్కదానికీ పైన ఓ లేత చుక్క, కింద ఓ ముదురు చుక్క పెట్టి, ఓపిగ్గా పొడిచాడాయన.