ప్రేక్షకుడు ఎవరివాడు?

వీడియో ఆటల ప్రసారాన్ని గురించి యీ పత్రికలో విమర్శ వ్రాయడమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. కాని సాయంత్రమయ్యేసరికి వేలాది యువకులు ఎక్కడ కూడుతున్నారో అక్కడికి విమర్శకుడు వెళ్లక తప్పదు. బుర్రకథను పామరుల వినోదమని తోసిపుచ్చి వుంటే వెనుకటి తరం అభ్యుదయవాదులకు ప్రజల వద్దకు పోయే దారే వుండేది కాదు.

జి.కొండూరులో నా వద్ద చదువుకున్న కుర్రవాడొకడు మూడేళ్లకు పైగా ప్రతి రాత్రీ తొమ్మిది గంటలకు ఫోనులో తుపాకీ ఆట ఆడుతూ, దాన్ని నలుగురికీ చూపుతూ మాట్లాడుతున్నాడు. దీన్నే లైవ్ స్ట్రీమింగ్ అంటున్నారు. చూసేవాళ్లు పక్కన చాట్‌లో రాస్తారు. ఇతను చదివి జవాబు చెబుతాడు. మొదటి రెండు నెలలూ చూసినవాళ్లు ముగ్గురు. వారిలో వొకడు వాళ్ల బాబాయి కొడుకు. ఇప్పుడు నూట యాభై మంది దాకా వస్తున్నారు. ఎలా వచ్చారని అడిగాను.

"బాగా ఆడేవాళ్లు లక్షమంది వున్నారండీ మాస్టారూ. నా ఆట కోసం ఎవరొస్తారు? కొత్తవాడొస్తే పేరు పెట్టి పలకరించాలి. నిన్న జ్వరమన్నవాణ్ణి ఇవాళ ఎలా వుందని అడగాలి. చెప్పిన టైముకి రావాలి. ఎవడన్నా బూతులు కూస్తే బయటికి పంపాలి. అంతేనండీ" అన్నాడు.

యీ మాటలు విన్నప్పుడు నాకు బుర్రకథ గుర్తుకు వచ్చింది. కథకుడు వొక్కడే చెప్పుకుపోతే అది ఉపన్యాసమవుతుంది. పక్కన వంతలు వుండబట్టి, వొకరు హాస్యానికీ వొకరు రాజకీయానికీ అడ్డుతగిలి ప్రశ్నించబట్టి, అది సంభాషణ అవుతుంది. వంత వేసే ప్రశ్న నిజానికి ప్రేక్షకుడి మనసులో పుట్టిన ప్రశ్నే. నాజర్ బుర్రకథ వేల జనాన్ని కదలకుండా కూర్చోబెట్టిందంటే, ఆయన గొంతుతోపాటు యీ రూపంలోని బలం కూడా కారణమే. నేటి చాట్ చేస్తున్నది వంత పనే. ప్రేక్షకుడు తానే వంతగా మారినాడు. రూపం దృష్టితో చూస్తే ఇది ముందడుగని వొప్పుకోవాలి.

కాని రూపంతోనే తీర్పు చెప్పడం మన పద్ధతి కాదు. కూడిన జనం ఎవరి సొత్తు అనేది అసలు ప్రశ్న.

జి.కొండూరుకు పొరుగునే వున్న మైలవరం పేరు తెలుగు నాటక చరిత్రలో నిలిచింది. మైలవరం బాలభారతీ నాటక సమాజంలో యడవల్లి సూర్యనారాయణ వంటి మహానటులు వేషాలు కట్టారు. ఆ సమాజానికి పోషకుడు జమీందారు. ప్రజానాట్యమండలి వచ్చాక పోషకుడు మారినాడు. తిండి పెట్టినదీ, చోటు చూపినదీ జనమే. 1940ల చివర మద్రాసు ప్రభుత్వం 'మాభూమి' నాటకాన్ని నిషేధించింది. నాటకం ఆగిపోయినా, దాన్ని చూసిన వూరు వూరుగానే వున్నది.

ఇప్పటి సంగతి చూడండి. ట్విచ్ అనే ప్రసార సంస్థ 2011లో మొదలయింది. 2014లో అమెజాన్ దాన్ని సుమారు 97 కోట్ల డాలర్లకు కొన్నది. ఆటలు ట్విచ్‌వి కావు, వేరే కంపెనీలవి. ఆడేవాళ్లు దాని నౌకర్లు కారు. మరి అమెజాన్ కొన్నదేమిటి? కూడిన జనాన్ని. ఆ జనాన్ని కూడగట్టినవాళ్లు గదుల్లో కూర్చుని గంటల తరబడి మాట్లాడిన యువకులు. యూట్యూబ్‌లో ప్రేక్షకుడు సూపర్ చాట్‌గా వంద రూపాయలిస్తే అందులో సుమారు ముప్పయి కంపెనీ తీసుకుంటుంది. బూతులు ఏరివేసే మోడరేటర్లలో అత్యధికులు జీతం లేకుండా, అభిమానం కొద్దీ పనిచేసేవాళ్లు. యీ శ్రమకు లెక్క ఎక్కడా లేదు.

ఆటకైనా భద్రత లేదు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. దాని స్థానంలో 2021లో వచ్చిన బీజీఎంఐ 2022 జూలైలో ఆగిపోయి, 2023 మేలో తిరిగి వచ్చింది. ఆ ఆటల మీద బతికేవాళ్ల పొలం వేరొకరిది, నీళ్లు ఇంకొకరివి. కౌలుదారుకైనా వొక పంటకాలం హామీ వుంటుంది. వీరికి అదీ లేదు.

అయితే ఇదంతా మాయ, యీ సమూహాలు వట్టి సంతలు అని తేల్చివేసే మిత్రులతోనూ నేను ఏకీభవించలేను. 2021 సెప్టెంబరు 1న ట్విచ్‌లో చాలామంది ప్రసారకులు ఒక రోజు ప్రసారం మానివేశారు. నల్లజాతివారినీ ఇతర వివక్షితులనూ చాట్‌లో మూకుమ్మడిగా దూషిస్తున్న దాడులను కంపెనీ అరికట్టడం లేదని వారి నిరసన. ఆ నెలాఖరులోనే కంపెనీ, ఫోను నంబరు నిర్ధారణ అయినవారినే చాట్‌లోకి రానిచ్చే ఏర్పాటు ప్రవేశపెట్టింది. దాన్ని సమ్మె అనకపోవచ్చు. కాని సమ్మెకు కావలసిన మొదటి గుణం, తాము ఒంటరివాళ్లం కాదనే ఎరుక, అందులో వున్నది.

మరొకటి కళ్లారా చూశాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఆ బుడమేరు మీది వెలగలేరు రెగ్యులేటరు మా మండలంలోనిదే. ఆ రాత్రి మా కుర్రవాడు ఆట ఆపివేశాడు. ప్రేక్షకుల్లో ఆరేడుగురు సింగ్‌నగర్ వాళ్లు. ఎవరు ఏ వీధిలో, ఏ అంతస్తులో వున్నారో, ఎవరింట్లో పసిపిల్లలున్నారో తెల్లవారేదాకా చదువుతూ, వ్రాసుకుంటూ కూర్చున్నాడు. మర్నాడు, అంతవరకు వొకరి ముఖం వొకరు చూడని నలుగురు ప్రేక్షకులు పాలపాకెట్లతో, మంచినీళ్లతో కలుసుకుని నీళ్లలోకి దిగారు. అప్పుడు తుపాకీ ఆట లేదు, సూపర్ చాట్ లేదు. మిగిలింది మనుషుల పరిచయం. పేరు పెట్టి పలకరించడం వ్యాపార కిటుకు మాత్రమే అయివుంటే, ఆ నలుగురూ రారు.

కాని అదే కుర్రవాడికి ఆ తరువాత కొద్ది నెలలకు డబ్బాట యాప్ ప్రచారానికి బేరం వచ్చింది. నెల కూలికి మించిన సొమ్ము. వొప్పుకున్నాడు, రెండు వారాలు చేశాడు. ప్రేక్షకుల్లో వొకడు, కాలేజీ ఫీజు కట్టవలసిన డబ్బు పోగొట్టుకుని, చాట్‌లో తిట్టలేదు. "అన్నా, నువ్వు చెప్పావని ఆడాను" అని మాత్రం వ్రాశాడు. ఆ వాక్యం చదివి కుర్రవాడు ప్రచారం మానివేశాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బాటలనూ వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టానికి ముందే అతన్ని ఆపింది ఆ వొక్క వంత ప్రశ్న.

కాబట్టి నా అభిప్రాయమిది. యీ యువకులు కూడగట్టుతున్నది నిజమైన సమూహమే. దాని యాజమాన్యం మాత్రం వారిది కాదు. ఉపాధ్యాయులు వారిని పనిలేనివాళ్లని తిట్టడం మాని, వారి శ్రమ విలువ ఎటు పోతున్నదో లెక్కకట్టడం నేర్పాలి. విద్యార్థి మిత్రులు ప్రేక్షకులుగానే మిగలక, ప్రశ్న వేసే వంతలుగా అక్కడికి వెళ్లాలి. మా కుర్రవాడు ఇప్పుడు తన ప్రేక్షకుల పేర్లూ వూళ్లూ వారి అనుమతితో వొక నోటుపుస్తకంలో వ్రాసుకుంటున్నాడు. ఎందుకురా అని అడిగితే, "రేపు యాప్ పోయినా మనుషులు పోకూడదు గదండీ" అన్నాడు. ఆ ఆలోచన అతనికి నేను నేర్పినది కాదు.