గడ్డిమంట దాటే సాయంత్రం

మకర సంక్రాంతి నాడు, సాయంత్రం ఐదున్నర దాటింది. బెంగళూరు పడమటి అంచున మాగడి రోడ్డు విడిచి లోపలికి పోతే, అపార్ట్‌మెంట్ల వెనక ఒక పాత ఊరి వీధి ఇంకా మిగిలి ఉంది. వీధికి అడ్డంగా ఇద్దరు కుర్రాళ్ళు వరిగడ్డి పరుస్తున్నారు. మూరెడు వెడల్పు, మోకాలికి తక్కువ ఎత్తు. ఇంకో మోపు విప్పబోయిన వాణ్ణి దొడ్డి పెద్దాయన కసిరాడు: "అంత పోస్తే దూడ ఎట్ల దాటుతుందిరా? తియ్, తియ్." మాట తెలుగే. ఆ ఇంట్లో తరాలుగా తెలుగు మాట్లాడతారు, లెక్కలు మాత్రం కన్నడంలో వేసుకుంటారు. భోజనం పొట్లం తెచ్చిన డెలివరీ కుర్రాడు స్కూటరు ఆపి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఆర్డరు ఆలస్యమవుతోందని అతని ఫోను మోగుతూనే ఉంది.

ఇక్కడ దీన్ని కిచ్చు హాయిసోదు అంటారు. కన్నడంలో కిచ్చంటే నిప్పు. మన కార్చిచ్చులోని చిచ్చుకు తోబుట్టువు. సంక్రాంతి నాడు పశువులను కడిగి, సింగారించి, పొద్దుగుంకే వేళ మంట మీదుగా దాటించడం బెంగళూరు, రామనగర, మండ్య, మైసూరు వైపు ఊళ్ళన్నిటా ఉన్నదే. చలికాలమంతా దొడ్డిలో జరిగే పని ఈ ఒక్క సాయంత్రం కోసమేనా అనిపిస్తుంది చూసేవాళ్ళకు. నాకైతే ఉల్టాగా తోస్తుంది. ఈ సాయంత్రం ఉండబట్టే ఆ పనులన్నీ జరుగుతున్నాయి.

గుర్రమెక్కి వేల ఎకరాల బీళ్ళలో మందను తోలే మనుషులను మనం సినిమాల్లో చూసిందే. మన పక్క పశువుల బతుకంతా దొడ్డి. రామనగర, కనకపుర తాలూకాల్లో దొడ్డి అన్న మాటతో ముగిసే ఊళ్ళు కొల్లలు. ఒకప్పుడు మందను కట్టేసిన చోటే తర్వాత ఊరయింది. బెంగళూరు లోపలా ఆ జాడలున్నాయి. మాగడి రోడ్డులో గొల్లరహట్టి అంటే గొల్లల పల్లె. బసవనగుడి అంటే బసవన్న గుడి, అంటే ఎద్దు గుడి. 1537లో కెంపేగౌడ పేట కట్టించేటప్పుడు నడిబొడ్డున నాలుగు జతల ఎద్దులకు నాగళ్ళు కట్టించి నాలుగు దిక్కులకు తోలించాడనీ, ఆ చాళ్ళే పేట వీధులయ్యాయనీ చెప్పుకుంటారు. గంగాగౌరీవిలాసమనే తెలుగు యక్షగానం ఆ కెంపేగౌడ పేరనే ఉంది. ఊరు పుట్టుకలో ఎద్దూ ఉంది, తెలుగూ ఉందన్నమాట.

ఈ ఊరి చలి అంత గొప్పదేమీ కాదు. 1884 జనవరి 13న 7.8 డిగ్రీలకు పడిందట, ఇంతవరకూ అదే రికార్డు. అయినా కార్తీకం చివరికొచ్చేసరికి దొడ్డిలో దూడల మీదికి గోనెపట్టాలు వస్తాయి. పశువుల పండుగల వరస కూడా అక్కణ్ణించే మొదలు. కార్తీకంలో ఆఖరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగకాయల తిరునాళ్ళు. సుంకేనహళ్ళి, గుట్టహళ్ళి, మావళ్ళి రైతుల చేలల్లో ఒక ఎద్దు పడి రాత్రికి రాత్రి కాయలు మేసిపోయేదట. కాపు కాసిన రైతు దుడ్డుకర్రతో కొడితే అది కూలబడి రాయైపోయింది. చేసిన తప్పు తెలిసి రైతులు దానికి గుడి కట్టమన్నారు, కెంపేగౌడ కట్టించాడు, తొలికాపు దానికే అర్పించడం అప్పటినుంచి ఆనవాయితీ. పదిహేను అడుగుల ఎత్తున్న ఆ నంది ముందు నిలబడితే కథ నమ్మాలనే ఉంటుంది. చిక్కల్లా వేరుశనగతోనే. అది దక్షిణ అమెరికా పంట, ఓడలెక్కి వచ్చింది. కెంపేగౌడ నాటికి ఈ చేలల్లో అంత విరివిగా పండి ఉంటుందంటే అనుమానమే. చేలో పంట మారింది, కథలో పంటా మారి ఉండాలి. పంట ఏదైనా, పశువు నోటికి వాటా ఉందన్న మాట మాత్రం మారలేదు.

ఆ తర్వాత ధనుర్మాసం. రాగి కోతలు అయిపోయి కళ్ళాలు నిండే రోజులు. పాతకాలంలో ఎద్దులు రాతిగుండు లాగి నూర్చేవి. ఇప్పుడు తారు రోడ్డు మీద కంకులు పరిచి బస్సులతో, లారీలతో తొక్కిస్తున్నారు, మనం ఆ మీదనుంచే కారు నడుపుకుంటూ పోతున్నాం. ఈ ప్రాంతపు పశువుకు ఏడాది పొడుగునా తిండి రాగిగడ్డే. తడి ఆరకముందే వామి వేస్తే లోపల బూజు పడుతుంది. మరీ ఎండనిస్తే ఆకు రాలి పుల్ల మిగులుతుంది. వామి కొప్పు వాన జారేలా పేర్చడం చేతిలో ఉండే విద్య. వామి పూర్తయ్యాక దాని ముందు టెంకాయ కొట్టి, మొదటి పన గడ్డి ఎద్దుల ముందు వేస్తారు. ఇది భక్తా, మేత బాగుందో లేదో రుచి చూపించడమా అని అడిగితే పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు.

పుష్యంలో ఘాటి సుబ్రహ్మణ్యం. దొడ్డబళ్ళాపురం తాలూకాలో, బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్లు. ఒకే శిలలో తూర్పు ముఖంగా సుబ్రహ్మణ్యుడు, పడమటి ముఖంగా నరసింహుడు; నరసింహుణ్ణి వెనకనున్న అద్దంలో చూడాలి. పుష్య శుద్ధ షష్ఠికి రథోత్సవం, దాని చుట్టూ పశువుల జాతర. కర్ణాటక వాళ్ళే కాదు, అనంతపురం, చిత్తూరు వైపు రైతులూ వస్తారు. అక్కడ చూడాల్సింది హళ్ళికార్ ఎద్దులను. బూడిదరంగు ఒళ్ళు, సన్నటి ముఖం, నుదుటి దగ్గర దగ్గరగా మొలిచి వెనక్కి వంగి మళ్ళీ ముందుకు తిరిగే పొడవాటి కొమ్ములు. పాలకు కాదు, కాడికీ బండికీ పెట్టింది పేరు. మైసూరు సైన్యం ఫిరంగులు లాగిన అమృతమహల్ పశువులకు మూలం ఈ జాతే. 2000లో తపాలా బిళ్ళ మీదికి కూడా ఎక్కింది.

కొనేవాడు ముందు నోరు తెరిచి చూస్తాడు. కింది దవడ ముందు పళ్ళు పాలపళ్ళా, మారినవా? రెండు పళ్ళ కోడె అంటే రెండేళ్ళు దాటిందని, నాలుగు పళ్ళంటే మూడో ఏడని, ఎనిమిదీ వస్తే పళ్ళు కలిశాయని. తర్వాత ఒంటి మీది సుడులు. మూపు మీద ఉంటే ఒక లెక్క, నుదుట ఉంటే ఒక లెక్క, వెన్ను కింద ఉంటే బేరమే లేదు. సుడుల శాస్త్రాన్ని నేను నమ్మను. కానీ సుడి కోసం వెతికేవాడి చెయ్యి వెన్నంతా తడిమి, మెడ మీద కాడి కాయలున్నాయా, తొడలో వాపుందా అన్నది కూడా చెప్పేస్తుంది. తర్వాత మెట్టు తువ్వాలు. అమ్మేవాడూ దళారీ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. పట్టుకున్న వేళ్ళను బట్టి వేలూ లక్షలూ. చుట్టూ యాభైమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. బేరం చెడినా ఎద్దు పరువు పోదు, మనిషి పరువూ పోదు. 2022లో లంపీ చర్మవ్యాధి పాకినప్పుడు పశువుల జాతరలను ఆపేశారు. ఆ ఏడు దొడ్డిలో పండుగ సగమే జరిగిందని పెద్దాయన అన్నాడు.

ఇక సంక్రాంతి. దానికి ముందు వారం నుంచీ దొడ్డిలో పని ఆగదు. పాత పలుపులు, ముకుతాళ్ళు విప్పేసి కొత్తవి వేస్తారు. ముకుతాడు మార్చేటప్పుడు ముక్కు లోపల పుండుంటే అప్పుడే బయటపడుతుంది. కొమ్ములను గాజుపెంకుతోనో కత్తితోనో పైపొర పోయేలా గీకి, ఆముదం రాసి, ఆరాక రంగు వేస్తారు. కొసలకు ఇత్తడి కుప్పెలు, వాటికి ఊలు కుచ్చులు. ఈమధ్య బెలూన్లు కూడా. అవి పగిలితే ఎద్దు బెదురుతుంది, నాకు నచ్చని ముచ్చట. ఒకప్పుడు చెరువులో దింపి తోమేవాళ్ళు, ఇప్పుడు బోరు పైపు. చేతిలో పీచు మాత్రం అదే. చెవుల లోపల, తోక మొదట్లో, పొదుగు మడతల్లో వేళ్ళు పెట్టి గోమార్లను, పిడుదులను ఒక్కొక్కటే పీకి నిప్పులో వేస్తారు. గిట్టల చీలిక కడుగుతారు. దొడ్డి నేల చెక్కి, పాత పేడా చెత్తా ఊడ్చి బయట కుప్ప చేసి కాలుస్తారు.

మా అవ్వ వాళ్ళది చిత్తూరు వైపు పల్లె. అక్కడ ఇదంతా కనుమ నాటి మాట, పశువుల పండగ. ముందురోజే అడవికి పోయి మద్దిచెక్క, నేరేడుచెక్క, మారేడుచెక్క, మోదుగపూలు, నల్లేరు తెచ్చి రోట్లో ఉప్పు వేసి దంచేవాళ్ళు. దాని పేరే ఉప్పుచెక్క. ఎద్దు నోరు ఒకరు పట్టుకుంటే ఇంకొకరు గుప్పెడు కుక్కాలి. ఏడాదికి ఒకసారి తినే ఆ చేదు కోసం ఏ పశువూ నోరు తెరవదు. మా తాత బొటనవేలు దగ్గర పన్ను దిగిన మచ్చ చివరిదాకా ఉండేది. సాయంత్రం ఊరి బయట చిట్లాకుప్ప. ముళ్ళూ కంపా కుప్ప వేసి, పక్కన రాయి నిలిపి కాటమరాజుగా కొలిచి, పొంగలి పెట్టి, కుప్ప అంటించి మందను ఆ వెలుగులోంచి తోలడం. కాటమరాజు మేతబీళ్ళ పుల్లరి తగాదాలో నెల్లూరి నల్లసిద్ధితో యుద్ధం చేసిన యాదవ వీరుడు. ఆవుల కోసం ప్రాణమిచ్చినవాణ్ణి పశువులు దాటే మంట దగ్గర తలుచుకోవడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. మాగడి రోడ్డు పక్క వీధిలో కాటమరాజు లేడు. మంట మాత్రం అదే.

మంట దాటితే పిడుదులు చస్తాయి, గిట్టల రోగం పోతుంది, అదే మన పెద్దల సైన్సు అని ఫోన్లలో తిరిగే వ్యాఖ్యానాన్ని నేను ఒప్పుకోను. ఒక్క గెంతులో పశువు మంట మీద ఉండేది ఒక క్షణం. పిడుదు తోలుకు పళ్ళు దించి వారాల తరబడి అంటుకుని ఉంటుంది. రక్తం తాగి కిందపడ్డాక గుడ్లు పెట్టేది నేల పగుళ్ళలో. ఆ క్షణం వేడి వాటిని ఏమీ చెయ్యదు. వాటిని చంపింది అంతకు ముందు వారమంతా తోమిన పీచు, వెతికిన వేళ్ళు, చెక్కిన నేల, కాల్చిన చెత్త. మంట ఆ పనికి గడువు. సంక్రాంతికి వీధిలో నలుగురి ముందు నడిపించాలి గనక మురికి ఎద్దును ఎవడూ తేడు. గడువు దేవుడిది గనక వాయిదా లేదు. నోటీసు అంటిస్తే ఇంత నిష్ఠగా ఈ పని జరుగుతుందా?

అలాగని నమ్మకం ఒక్కటే చాలదనీ ఈ ఊరికి తెలుసు. ఆడుగోడిలోని జాతీయ పాడి పరిశోధన సంస్థ దక్షిణ కేంద్రం 1923లో మొదలైన ఇంపీరియల్ సంస్థకు వారసు. 1927లో జబ్బు నుంచి కోలుకోవడానికి నంది కొండలకూ బెంగళూరుకూ వచ్చిన గాంధీ, అక్కడికి వెళ్ళి పశుపోషణ పాఠాలు నేర్చుకున్నాడు. అప్పటికి ఆయనకు 57 ఏళ్ళు. గోరక్షణ గురించి అన్నేళ్ళుగా మాట్లాడిన మనిషి మేత లెక్కలూ పాల లెక్కలూ నేర్వడానికి విద్యార్థిగా కూర్చోవడం, నా దృష్టిలో, ఆయన గోరక్షణ ఉపన్యాసాలన్నిటికన్నా బరువైన పని.

మంటకూ ఒక పద్ధతి ఉంది. వరిగడ్డే ఎందుకంటే భగ్గున మండి చప్పున ఆరుతుంది, నిప్పులు నిలవవు. రాగిగడ్డి తిండి, దాన్ని కాల్చరు. ముందు పాత ఎద్దు, అలవాటైనది. దానికి అటొకరు ఇటొకరు పగ్గం పట్టి తామూ దూకుతారు. అది దాటితే వెనకవి దాటుతాయి. జంకిన పశువును ఈడ్చకూడదు, పక్కనుంచి నడిపించెయ్యాలి. ఇది తెలియని కుర్రాళ్ళు పోటీలుపడి కట్టెలు వేసి మంట పెంచినచోట కాళ్ళు కాలిన పశువులను నేనూ చూశాను. అది పండుగ కాదు.

ఆరు గంటలకు అగ్గిపుల్ల గీశారు. పెద్ద జత దూకింది, గంటలు ఒక్కసారి గలగలమన్నాయి. తర్వాత ఆవులు. చివరి దూడ మంట దాకా వచ్చి నాలుగు కాళ్ళూ ఊనింది. పెద్దాయన దాని మెడ కింద చెయ్యి వేసి, ఆరిపోతున్న ఓ పక్కనుంచి నడిపించుకొచ్చాడు. ఎవరూ నవ్వలేదు. డెలివరీ కుర్రాడు మాత్రం "అదెందుకు దూకలేదు సార్?" అని నన్నే అడిగాడు. "వచ్చే ఏడు దూకుతాదిలే నాయనా" అని పెద్దాయనే చెప్పాడు.

జనం వెళ్ళిపోయాక దొడ్డిలో లైటు పోయింది. "సామీ, మీ సెల్లు లైటు ఇట్ల పట్టండి" అంటూ ఆయన ముందు ఎద్దు పక్కన గొంతుక్కూర్చుని ముంగాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. గిట్ట చీలికలో మసి, కాలిన గడ్డిపోచ, లోపల చింతగింజంత కంకర రాయి. పుల్లతో గెంటి తీసి, వేలితో చుట్టూ నొక్కి చూశాడు. ఎద్దు కాలు లాక్కోలేదు. రాయిని గోడ అవతలికి విసిరేసి రెండో కాలు ఎత్తాడు. ఇంకా తొమ్మిది పశువులున్నాయి, నా ఫోన్లో బ్యాటరీ పదహారు శాతం ఉంది.