వెనక హౌసింగ్ దించే చేతులు

బెజవాడ ఆటోనగర్‌లో పాత లారీ విప్పడం చూడాలంటే వెనక చక్రాల దగ్గర నిలబడాలి. ఇంజన్ దించడంలో హడావుడి ఎక్కువ. వెనక ఇరుసు ఉండే హౌసింగ్ దించడంలోనే పనితనమంతా ఉంది.

తెలిసిన మేస్త్రీ ముందే పానా పట్టడు. ఛాసిస్ కింద మొద్దులు పెట్టించి, బ్రేకు విడిపించి, రెండు చక్రాలనూ కలిపి ఒక్క చుట్టు తిప్పిస్తాడు. ఈలోగా గేర్‌బాక్సు నుంచి వచ్చే జాయింట్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతాడు. ఏడుకు కాస్త తక్కువ వచ్చిందా, అది 6/41 కావచ్చు: పినియన్‌కు 6 పళ్లు, క్రౌన్‌కు 41. కొనేవాడి బండికి ఆ లెక్క నప్పకపోతే అంత బరువు దించడమే దండగ.

తర్వాత హౌసింగ్ అడుగున ఉన్న ప్లగ్గు విప్పుతాడు. నూనె నల్లగా ఉన్నా పర్లేదు. వేళ్ల మధ్య రాస్తే మెరిసే సన్నటి రజను మామూలు అరుగుదలే. గోటికి పెంకు తగిలిందో, లోపల పన్ను విరిగినట్టే!

లారీలో బరువు మోసేది హౌసింగ్. యాక్సిల్ షాఫ్ట్ పని తిప్పడమే. అందుకే చక్రం విప్పకుండానే నట్లు తీసి షాఫ్టు లాగేయొచ్చు. అది తుప్పుతో మొండికేస్తే కుర్రాడు గ్యాస్ కటింగ్ వైపు చూస్తాడు. "ఆగరా" అంటూ మేస్త్రీ ఫ్లాంజి నడుమ సుత్తితో రెండు దెబ్బలు వేస్తాడు, కదులుతుంది. కమాను కట్టల యూ బోల్టులను మాత్రం మొహమాటం లేకుండా కోయిస్తాడు. సాగిన యూ బోల్టు మళ్లీ బిగించేవాణ్ని నేను మెకానిక్కు అనను.

చైన్ బ్లాకుకు హౌసింగ్ వేలాడుతుండగానే షాఫ్టు రంధ్రాల్లో గుడ్డలు కుక్కుతారు, ఇసుక పోకుండా. నేనైతే గుడ్డ కుక్కిన సరుకుకే బేరమాడతాను.