కళాపూర్ణుడి వంశంలో మరో నవల

ప్రేమించుకున్న ఇద్దరు మగవాళ్లకు కంగుంది కొండల్లో మరుగున బతికే సిద్ధుల సంఘం నీడనిస్తుంది. ఈ నవల కథ అది. ఇలాంటివి మన సాహిత్యంలో ఎక్కడున్నాయని అడిగేవాళ్లకు నా జవాబు పింగళి సూరన. పదహారో శతాబ్దపు ఆయన కళాపూర్ణోదయంలో ఆలుమగలు రూపాలు మార్చుకుంటారు. ఆడదైన మగడి కడుపున కళాపూర్ణుడు పుడతాడు. ఇక సిద్ధులంటారా, పెద్దన సిద్ధుడి పాదలేపనం సంగతి బడిపిల్లలకూ తెలుసు.

అయితే సూరన జంటలో ఇద్దరూ మారతారు గనక చివరికి ఆడామగా జంటగానే మిగులుతారు. భారతంలో శిఖండి పెళ్లి నిలవడానికి యక్షుడు తన మగతనం అరువివ్వాల్సి వచ్చింది. ప్రతిసారీ మాయ వచ్చి దేహాన్ని సర్దింది. ఈ నవలలోనూ సిద్ధులకు ఆ విద్య తెలుసు, ఇస్తామంటారు కూడా. ఆ ఇద్దరూ వద్దంటారు. పుస్తకానికి ఆయువుపట్టు అక్కడే ఉంది. ఉపన్యాసాలేమీ లేవు. "వాడు వాడుగానే కావల్ల సామీ" అన్న ఒక్క కుప్పం మాటతో ఆ ఘట్టం ముగుస్తుంది. ఇంత నిబ్బరంగా రాసిన ప్రేమ సన్నివేశాన్ని ఈ మధ్యకాలంలో నేను చదవలేదు.

కథాకాలం 1864. జోలార్‌పేట నుంచి బెంగళూరుకు రైలు నడిచిన ఏడాది. కుప్పం ఆ దారిలోనే ఉంది. అంతకు రెండేళ్ల ముందే భారత శిక్షాస్మృతి అమల్లోకి వచ్చింది. అందులోని 377వ సెక్షన్ ఇలాంటి ప్రేమను నేరం చేసింది. పెద్దవాళ్లు ఇష్టపడి కలిస్తే అది నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 సెప్టెంబర్ 6 వచ్చింది. ఈ ప్రేమికుల్లో రైలుకట్ట లెక్కలు రాసే తమిళ గుమాస్తాకు ఆ కొత్త చట్టం తెలుసు. గంగమ్మకు చీర కట్టుకుని మొక్కు తీర్చే కుప్పం కుర్రాడికి తెలియదు. ఒకడి భయం రెండోవాడికి అర్థం కాదు. వాళ్ల అలకలన్నీ, ఎడబాటుతో సహా, ఇక్కడే పుడతాయి.

మగవాళ్లు ఆడవేషం కట్టి మొక్కు తీర్చడం తిరుపతి గంగ జాతరలో నేటికీ చూస్తున్నాం. వేషమున్నంతసేపూ ఊరు చేతులెత్తి మొక్కుతుంది. మర్నాడు అదే ఊరు ఆ కుర్రాణ్ణి ఏమంటుందో ఈ రచయిత దాచలేదు. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది.

మూడు రాష్ట్రాలు కలిసే చోటు కుప్పం. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసిందీ ఇక్కడే. కోపంలో తెలుగు, ముద్దులో తమిళం, బేరంలో కన్నడం మాట్లాడే ఈ పాత్రలను ఆ నేల ఎరిగినవాళ్లే రాయగలరు. సిద్ధుల దీక్షల వివరణ మాత్రం నడుమ సాగింది. రెండో ముద్రణలో కుదించాలి.

గుహలో రెండు పేజీలు కనిపించి మాయమైన ఆ యోగినుల జంట కథ మాకింకా బాకీ ఉన్నావు నాయనా. అది నేనుండగానే రాయి.